మాట్లాడకూడని ఆదివారం

పెద్దకోడలే చివరికి గెలుస్తుందని వదినగారు తెర మీద పేర్లు పడుతూ ఉండగానే చెప్పేశారు. ముగింపు ముందే చెప్పడం ఒక తప్పు, చెప్పిన ముగింపు ఈ సినిమాది కాకపోవడం రెండో తప్పు; ఈ సినిమా ముందే చూసి, ఈ గదిలో ఆ రెండింటినీ సరిదిద్దగలిగిన ఒకే ఒక్క మనిషిని నేను, మంచం అంచున పెదవులు బిగించుకుని కూర్చున్నాను. మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు. మాట కన్నా గుసగుసే ఎక్కువ హాని చేస్తుందని డాక్టరు చెప్పినప్పుడు నమ్మలేదు కానీ, ఆలోచించగా సబబుగానే తోచింది. బార్లా తెరిచిన తలుపు కన్నా ఓరగా తెరిచిన తలుపే కీచుమంటుంది. నా స్వరతంత్రి మీద పెరిగిన చిన్న బుడిపెను కోసి తీశారు. ఈ వారమంతా మౌనం. రేపు ఉదయం డాక్టరు ఎదుట కూర్చుని నేను ఒక్క అక్షరం పలకాలి. అది మునుపటి గొంతుతో రావచ్చు, బొంగురుగా రావచ్చు, గాలి మాత్రమే రావచ్చు. మూడింటికీ అవకాశం ఉందని ఆ డాక్టరు హిందీలో, వాతావరణ సూచన చదువుతున్నంత నిదానంగా చెప్పాడు. రాకపోతే నాకు పోయేది తక్కువే. పాఠాలు చెప్పడం ఎప్పుడో అయిపోయింది, కూరగాయలవాడితో బేరం వేలు చూపించి కూడా ఆడవచ్చు. పోయేదంతా ఆ వెదురుకుర్చీలో కూర్చున్న మనిషికే.

మా వారు చెన్నకేశవులు గారు టీవీకి ముఖం పెట్టరు, కుడిచెవి పెడతారు. గ్లకోమా ఆయన కళ్ళను ఒకదాని తరవాత ఒకటిగా, ఏ తొందరా లేకుండా తీసుకుపోయింది. అంతకు ముందు ఆయన గూడ్సు గార్డు. రన్నింగు స్టాఫుకు పండగ, ఆదివారం అని ఉండవు, పిలుపు ఒకటే ఉంటుంది. మేము రైల్వే క్వార్టర్లో ఉన్న ఆ రెండువేల సంవత్సరం ప్రాంతాల్లో, టీవీలో కథ సరిగ్గా ముడిపడే వేళకు గోడ మీది రైల్వే ఫోను మోగేది. ఆయన లేచి చొక్కా తొడుక్కుని, గార్డు సామాను ఉండే లైను పెట్టె సైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయేవారు, బిలాస్‌పూరో, టిట్లాగఢో. తిరిగి వచ్చి కంచం ముందు కూర్చోగానే మొదటి ముద్దకు ముందే అడిగేవారు, "ఏమైంది?" అని. పిల్లల గురించి కాదు, ఇంటి గురించి కాదు. కథ ఏమైంది అని. నేను వాల్తేరులో చరిత్ర చదువుకుని ఈ ఊళ్ళో ఆడపిల్లల కాలేజీలో అదే చరిత్రను హిందీలో చెప్పినదాన్ని. ఏం జరిగిందో చెప్పడం నాకు చేతకాదు, ఎందుకు జరిగిందో చెబితేనే జరిగింది చెప్పగలను. కాబట్టి మా ఇంట్లో ఒక్కొక్క ఎపిసోడ్ చెప్పడానికి అన్నం తినడం కన్నా ఎక్కువసేపు పట్టేది. ఆయన చెయ్యి ఎండిపోయేది. లేచేవారు కాదు.

"ఒరే తమ్ముడా, సూడు, గోడ కూలిపోనాది. పూరా కూలిపోనాది. ఒకడు కిందడిపోనాడు, పాపం, లుంగీ గళ్ళ లుంగీ," అంటున్నారు వదినగారు. పైడమ్మ వదినగారు మా వారికి అప్ప. ఊరి చివరి ఉర్లాలో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేసే కొడుకు నాగబాబు దగ్గర ఉంటారు, నా ఆపరేషను అనగానే సంచీ సర్దుకుని మోవాలోని మా ఇంటికి వచ్చి వారం రోజులుగా ఈ ఇంటిని నడుపుతున్నారు. వంటా ఆవిడే, మందులూ ఆవిడే, తమ్ముడికి సినిమా చెప్పడమూ ఆవిడే. మొదటి రెండింటికీ నేను ఋణపడి ఉన్నాను. మూడోదాని విషయంలో నా అభిప్రాయం నా గొంతులోనే ఉంది. చనిపోయినవాడి లుంగీ గళ్ళదన్నారు. గోడ ఎందుకు కూలిందో చెప్పలేదు. గోడ కింద ఊతకర్రలు తీసింది పెద్దమేస్త్రి కాదు, అతని తమ్ముడు చిన్నమేస్త్రి. తీస్తుండగా చూసింది చిన్నమేస్త్రి భార్య, ఆ ఇంటి చిన్నకోడలు, ఒక్కతే. ఆమె నీళ్ళబిందెతో గుమ్మంలో నిలబడి ఉండడం తెర మీద రెండు క్షణాలు కనిపించింది. ఆ రెండు క్షణాల్లో వదినగారు వేరుశనగకాయ ఒలుచుకున్నారు. ఇప్పుడు ఈ కథంతా విని మా వారు చివర్లో "ఆమెకు ఎలా తెలుసు?" అని అడుగుతారు.

గొడుగు ఎపిసోడ్ అయితే ఆయన చివర్లో ఏమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. మేము సినిమాలకూ సీరియళ్ళకూ అసలు పేర్లు వాడం. ఆయన వచ్చి కూర్చునే వేళకు పేర్లు పడడం అయిపోయేది గనక పేరు చూసే యోగం లేదు, కథలోని ఒక వస్తువు పేరు పెట్టుకునేవాళ్ళం. అది వారం వారం వచ్చే హిందీ అపరాధ పరిశోధన. వాన కురిసిన సాయంత్రం ఒక వడ్డీవ్యాపారి చచ్చి పడి ఉంటాడు, వసారాలో బంధువుల గొడుగులు వరసగా ఆరబెట్టి ఉంటాయి. పోలీసులందరూ తడిసిన గొడుగుల వెంట పడతారు. ఇన్‌స్పెక్టరు ఒక్కడు పొడిగా ఉన్న గొడుగు దగ్గర వంగి దాన్ని తాకుతాడు. తాకాడు, ఫోను మోగింది, మా వారు వెళ్ళిపోయారు. మర్నాడు రాత్రి వచ్చి "ఆ గొడుగు ఎవరిది?" అన్నారు. నేను పేరు చెప్పలేదు. మొదటి నుంచి చెప్పుకొచ్చి, వాన ఎప్పుడు మొదలైందన్న ఒక్క సంగతి దగ్గర కొంచెం ఆగాను. "వాన కన్నా ముందే ఆ ఇంట్లోకి వచ్చి కూర్చున్నవాడిది," అన్నారాయన పప్పన్నం కలుపుతూ. నేను ఇంతవరకూ చూసిన ఎపిసోడ్లలో దానికి సాటి లేదని ఇప్పటికీ అంటాను, కారణం స్పష్టం: చూసేవాడి చేతికి అన్నీ ఇచ్చింది, ఏదీ దాచలేదు, అయినా ముందుండి నడిచింది. ఆ తరవాత అదే సీరియల్లో మారువేషాలు వచ్చాయి, మత్తుమందు వచ్చింది, చివరి నిమిషంలో ఎవరూ ఎరగని మేనల్లుడు వచ్చాడు. ఆశ్చర్యం కలిగించడం వేరు, నమ్మించడం వేరు. మొదటిది వెనక నుంచి ఎవరైనా చప్పట్లు కొట్టినా కలుగుతుంది.

పడవ సినిమా విషయంలో మాత్రం నా సిద్ధాంతం దెబ్బతింది. తెలుగు సంఘంవాళ్ళు ఒక ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో గోడకు తెల్లబట్ట కట్టి వేసిన బొమ్మ. అప్పట్లో సినిమా రెండు సీడీల్లో వచ్చేది. పడవవాడికీ, రోజూ ఏరు దాటే బడిపంతులుకీ మాటల్లేవు. ఒకే పడవ, ఇద్దరే మనుషులు, ఏరంతా మౌనం. చూస్తూ ఉంటే హాల్లో పిల్లలు కూడా ఏడవడం మానేశారు. మొదటి సీడీ అయిపోయింది, రెండోదాని మీద గీత పడింది, తెర మీద నీలిరంగు తప్ప ఏమీ రాలేదు. సగం సినిమాతో అందరం ఇళ్ళకు వెళ్ళాం. ఆ వారమంతా కూరల దుకాణం దగ్గరా, నీళ్ళ ట్యాంకరు దగ్గరా ఎవరి ముగింపు వారిదే. ఒకరు పంతులు మునిగిపోయాడన్నారు, ఒకరు ఏటి మీద వంతెన వచ్చిందన్నారు, మా వారు ఇద్దరూ ఒడ్డు చేరాక కూడా పడవ దిగి ఉండరన్నారు. ఎన్నో ఏళ్ళకు రెండో సగం ఏదో ఛానెల్లో దొరికింది. పడవవాడికి తప్పిపోయిన కవల తమ్ముడు దొరికాడు, పంతులు కూతురు ఊటీలో పాట పాడింది. ఆ సీడీ మీద గీత పడడం ఆ సినిమాకు జరిగిన మేలు. అయితే నా సిద్ధాంతం ఏమవ్వాలి? కారణం నుంచి కార్యం తప్పకుండా పుడుతుందని క్లాసులో చెప్పినదాన్ని. అంత బలమైన మొదటి సగం నుంచి అంత నాసిరకపు రెండో సగం పుట్టింది. సినిమాకు కథ ఒక్కటే కారణం కాదని, నిర్మాత కూడా ఒక కారణమని అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు కోరట్‌కి ఎల్తారట్రా. సమన్ వచ్చీసినాది. చిన్నోడు పెళ్ళాన్ని సాచ్ఛికానికి రమ్మంటన్నాడు. అన్నే తీసినాడని సెప్పమంటన్నాడు." ఇది సరిగ్గానే చెప్పారు. మా వారు తల ఊపి, "చెబుతుందా?" అన్నారు. "చెప్పకేటి? మొగుడు కదా," అన్నారు వదినగారు. చిన్నమేస్త్రి తన తప్పును అన్న మీదికి నెట్టదలచాడు. పెళ్ళాం సాక్ష్యం చెబితే అన్న జైలుకు పోతాడు, చెప్పకపోతే తానే పోతాడు. కథ మొత్తం ఆ ఒక్క మనిషి మీద నిలబడి ఉంది, ఆమె మాత్రం మొదటి నుంచీ పది మాటలకు మించి మాట్లాడదు. మాట్లాడని మనిషి మీద కథ నిలబెట్టడానికి దర్శకుడికి ధైర్యం కావాలి. ఆ మనిషి సంగతి చూపులేని వాడికి చెప్పడానికి ఏం కావాలో నాకు తెలుసు.

చూపు పూర్తిగా పోయాక ఆయన కొన్ని నెలలు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నేను రేడియో పెట్టాను, పుస్తకం చదివాను, కాలనీ కబుర్లు తెచ్చి చెప్పాను. వద్దనలేదు, కావాలనీ అనలేదు. ఒక మధ్యాహ్నం నా కోసం నేను టీవీ పెట్టుకున్నాను. ఏదో అనువాద చిత్రం. తెర మీద ఒక ముసలాయన ఎండలో బల్ల మీద రంపం ఆడిస్తున్నాడు. మా వారు వెనక్కి తిరగకుండానే, "ఏం కోస్తున్నాడు?" అన్నారు. ఊయల బల్ల అన్నాను. "ఎవరికి?" అన్నారు. ఇంకా తెలియదన్నాను. ఆయన కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు. అనువాద చిత్రాల మీద నాకున్న చిన్నచూపు ఆ రోజుతో పోయిందనను, పెదవులు ఆగిపోయాక కూడా మాట సాగడం నాకు ఇప్పటికీ చిరాకే. ఆయనకు మాత్రం అందులో వేరే వేడుక దొరికింది. "సుభద్రా, ఈ దొంగా, మొన్నటి జడ్జీ ఒకడే," అనేవారు. ముఖాలు వేరు, గొంతు ఒకటి. అలా ఒక గొంతువాడు ఒకే వారంలో హత్య చేసి, తీర్పు చెప్పి, కూతురి పెళ్ళి చేసి, హిమాలయాలకు వెళ్ళిపోయాడు.

చెప్పడానికి నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. వెలుతురు ఎటు నుంచి వస్తోందో ముందు చెప్పాలి. ఎవరికి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తరవాత. ముఖంలోని భావానికి పేరు పెట్టకూడదు. కోపంగా చూసింది అన్నామంటే అది నా కోపం అవుతుంది, ఆమెది కాదు. చేతులు ఏం చేస్తున్నాయో చెబితే చాలు. పాత్రలు మాట్లాడుతున్నప్పుడు నేను మాట్లాడకూడదు. రాబోయేది ముందు చెప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, లేనిది కల్పించకూడదు; ఎంత పేలవమైన సన్నివేశమైనా సరే, పేలవంగానే చెప్పాలి. ఆయనకు నేను చెప్పిన ఏ సినిమాలోనూ నేను ఒక్క పువ్వు అదనంగా పెట్టలేదు. సాయంత్రాలు అలా గడిచాయి. ఆపరేషనుకు ముందు డాక్టరు నన్ను, మీరు వృత్తిరీత్యా ఎక్కువ మాట్లాడేవారా అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు ఫ్యాను చప్పుడు మీదుగా, కిటికీ బయటి రోడ్డు మీదుగా అరిచి పాఠం చెప్పానన్నాను. ఇప్పుడు? ఇప్పుడు లేదన్నాను. పక్కన కూర్చున్న మా వారు, "అబద్ధం సాబ్, నా కోసం మాట్లాడుతుంది," అన్నారు. దూరకారణం కాలేజీ, తక్షణకారణం నేను అని ఆయనే నా భాషలో విశ్లేషించి, ఆపరేషను అయ్యాక ఆటోలో వస్తూ తీర్పు కూడా ఇచ్చేశారు: "ఇక సినిమాలు చాలు, సుభద్రా. గొంతు వచ్చినా చాలు." మళ్ళీ గోడ వైపు తిరుగుతారన్నమాట. అందుచేత రేపటి అక్షరం ఎలా వచ్చినా నాకు లాభం లేదు. రాకపోతే చెప్పలేను, వస్తే చెప్పనివ్వరు. అభ్యంతరం చెప్పడానికి అప్పటికే నోరు లేదు.

వదినగారికి అభ్యంతరాలంటే తెలియదు. ఆవిడ చూసేవి రోజూ వచ్చే హిందీ సీరియళ్ళు, ఒక్కొక్క ముఖాన్ని మూడేసి సార్లు, ఉరుముతో సహా చూపించేవి. ఆ ఉరుముల మీద నాకు కోపం లేదు. రోజుకో ఎపిసోడ్ తీయాల్సినవాడు కథను సాగదీయకపోతే వాడి పొయ్యి వెలగదు. నా ఫిర్యాదు వేరు. అందులో పోయినవాళ్ళు తిరిగి వస్తారు. కారు లోయలో పడుతుంది, పదమూడు రోజులూ అవుతాయి, తెల్లచీర కడుతుంది, ఏడాది తిరక్కుండా అతను కొత్త ముఖంతో గుమ్మంలో నిలబడతాడు. చావుకే ఫలితం లేకపోతే మిగతా దేనికి ఉంటుంది, ఆ కథలో ఎవరు ఏం చేస్తే ఏమిటని ఒకసారి వాదించాను. అప్పటికి గొంతు బాగానే ఉంది, చాలాసేపు వాదించాను. ఆవిడ మునగాకు దూస్తూ అంతా విని, "పోయినోడు తిరిగొచ్చీసినాడు. ఇల్లంతా సంతోసం. నీకేటే మరదలా నష్టం?" అన్నారు. ఆవిడ భర్త గ్యాంగ్‌మన్. మంచు కురిసిన ఉదయం రెండు లైన్ల మధ్య రైలు తగిలి పోయాడు. అప్పుడు నాగబాబు చంకలో ఉన్నాడు. సీరియల్ గురించి నా అభిప్రాయం మారలేదు. ఆవిడ ఎందుకు చూస్తారన్నదాని గురించి మాత్రం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

కిటికీ గట్టు మీద పొద్దున తుడిచిన చోటే మళ్ళీ నల్లటి పొడి పేరుకుంది; సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందన్నమాట, సాయంత్రానికి ఆరేసిన బట్టలు తీసేయాలి. ఈ వారం నా ఇబ్బంది అంతా ఇంతే, చెప్పవలసినవి చిన్నవి, చెప్పే దారి లేదు. కాగితం మీద రాస్తే ఒకరికి కళ్ళు లేవు, ఒకరికి అక్షరాలు లేవు. ఫోనులో తెలుగు కొడితే అదే పైకి చదువుతుందని నాగబాబు చూపించాడు. రెండు రోజులు ప్రయత్నించాం. నేను ఒక వాక్యం కొట్టేలోపు సినిమాలో పెళ్ళి జరిగిపోయేది. పైగా ఆ యంత్రం "ఆమె వెళ్ళిపోయింది" అన్నదాన్నీ, "పాలు పొంగాయి" అన్నదాన్నీ ఒకే ముఖంతో చదివేది. మా వారే, "దాన్ని ఆపు, డ్యూటీ లాబీలో ఎనౌన్సుమెంటులా ఉంది," అన్నారు. మిగిలింది చెయ్యి. ఆయన అడుగుతారు, నేను ఆయన అరచెయ్యి నొక్కుతాను; ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు. అవునూ కాదులతో మందులు అడగవచ్చు. సినిమా చెప్పలేం.

"అప్పా, ఏమిటి, మాటలు ఆగిపోయాయి?" అన్నారు మా వారు.

నేను తెర వైపు చూసి, వచ్చేసిందని గ్రహించాను. రేపు కోర్టు అనగా ముందు సాయంత్రం. మేడ మీద. సంగీతం లేదు, గాలి మాత్రమే, తాడు మీద ఒక్క తెల్ల దుప్పటి. వెలుతురు పడమటి నుంచి, పిట్టగోడ మీదుగా, మోకాళ్ళ ఎత్తున. పెద్దకోడలు దుప్పటి తీసి రెండు కొసలు పట్టుకుంది, ఏమీ అడగలేదు, చిన్నకోడలు వచ్చి మిగిలిన రెండు కొసలు పట్టుకుంది.

"ఏటీ నేదురా. కోడళ్ళిద్దరూ దుప్పటి మడతెడతన్నారు. ఫాల్తు సీను. ఇక్కడ ఒక పాటెట్టాల్సింది," అని వదినగారు పొట్టు దులుపుకుని నీళ్ళ కోసం చెంబు వైపు చెయ్యి చాచారు.

ఈ సినిమా చూసినవాళ్ళందరూ కోర్టు సన్నివేశం గొప్పదంటారు. పత్రికల్లో కూడా దాని గురించే రాశారు. నేను ఒప్పుకోను. కోర్టులో జరిగేది ఫలితం. కారణం ఇక్కడ, ఈ మేడ మీద ఉంది. దుప్పటి మడత పెట్టేటప్పుడు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడవక తప్పదు. ఒకరి ముఖం ఒకరు చూడకూడదనుకున్నవాళ్ళు కూడా ఒకరి చేతికి ఒకరు కొసలు అందించక తప్పదు. దగ్గరికి వస్తారు, అందుకుంటారు, వెనక్కి వెళతారు, మళ్ళీ వస్తారు. ప్రతిసారీ గుడ్డ చిన్నదవుతుంది, దూరం తగ్గుతుంది. రచయిత ఒక్క మాట రాయలేదు, రాయాల్సిన అవసరం లేకుండా ఆ పనిని ఎంచుకున్నాడు. ఇది మా వారికి "ఏటీ నేదు"గా అందింది. నా నోరు తెరుచుకుంది. గాలి లోపలికి పోయింది, నాలుక లేచింది, "పడమటి" అన్న మాటలోని మొదటి అక్షరానికి పెదవులు కలిశాయి కూడా. ఒక్క మాట. ఒక్క మాటకు పుండు రేగుతుందా? రేగవచ్చు, రేగితే ఇక ఎప్పటికీ చెప్పలేను, చెప్పకపోతే ఈ సినిమా ఆయనకు ఎప్పటికీ ఇంతే. నా ఊపిరి అక్కడే ఆగిపోయింది.

"ఆగప్పా," అన్నారు మా వారు. తల నా వైపు తిరిగింది. "ఏమీ లేకపోవడం కాదు. ఈమె ఊపిరి పట్టింది. అక్కడ ఏదో ఉంది."

"ఉంటే నానేటి దాచుకున్నానా? దుప్పటి, ఇద్దరు ఆడోళ్ళు. బస్!" అన్నారు వదినగారు నొచ్చుకుని.

నేను పెదవులు మూసుకుని లేచాను. మంచం మీది దుప్పటి ఒక్క లాగుతో తీశాను, దిండు కింద పడింది, వదినగారు "ఓలమ్మో, ఇదేటి సేస్తంది!" అన్నారు. ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి భుజం పట్టి లేపాను. రెండు కొసలు రెండు చేతుల్లో పెట్టాను. ఆయన వేళ్ళు అంచు కుట్టు వెంట నడిచి, అది ఏమిటో తెలుసుకుని, ఆగాయి. మిగిలిన రెండు కొసలతో నేను వెనక్కి, గోడ దాకా నడిచి, గుడ్డ బిగువుగా లాగి పట్టుకున్నాను. "నేను ఎవరిని? పెద్దకోడలినా?" అన్నారాయన. చెయ్యి నొక్కడానికి దూరం ఎక్కువైంది; దుప్పటిని ఒక్కసారి లాగాను. అర్థమైంది.

"ఓరి నీ మొగం! మీసాల కోడలు!" అని వదినగారు పగలబడి నవ్వారు, నవ్వుతూనే టీపాయి పక్కకు లాగి దారి చేశారు.

ఎదురుగా నడిచాను. కొసలు ఆయన వేళ్ళకు అందించి, కింద వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి వెళ్ళాను. తెర మీద వాళ్ళు మా కన్నా కాస్త ముందున్నారు, పరవాలేదు, ఆ సన్నివేశం నాకు తెలుసు, ఏ మడతకు ఎంతసేపు ఆగాలో తెలుసు. రెండోసారి నడిచాను. ఆయన అడుగులు నా అడుగులతో కుదిరాయి, చెవి నా వైపే ఉంది, నవ్వు ముఖంలోంచి వెళ్ళిపోయింది. మూడోసారి మధ్యలో కలిశాం. దుప్పటి ఇద్దరి మధ్య దిండంత అయింది. సినిమాలో పెద్దకోడలు ఇక్కడ గుడ్డతో పాటు చిన్నకోడలి వేళ్ళు కూడా పట్టుకుంటుంది. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన నా వేళ్ళు పట్టుకున్నారు. మధ్యాహ్నం నుంచి వేరుశనగకాయలు తిన్న చెయ్యి, వెచ్చగా, కొంచెం ఉప్పుపొడితో గరగరగా ఉంది.

"ఎవరు ముందు వదిలారు?" అని అడిగారు.

ఇన్నేళ్ళ పాఠాల్లో ఒక్క విద్యార్థినీ నన్ను అంత సరైన ప్రశ్న అడగలేదు. చిన్నకోడలు ముందు వదులుతుంది. ఆ స్పర్శను భరించలేక, నిప్పు తాకినట్టు వదిలేసి, మెట్ల వైపు నడుస్తుంది. అందులో చిన్నకోడలిని నేను. వదలాలని నాకు లేదు. రేపు ఉదయం ఏ గొంతు వస్తుందో తెలియదు, వచ్చినదాన్ని ఈయన వాడుకోనిస్తారో లేదో తెలియదు, ఆ కాస్తసేపు అలాగే నిలబడితే ఎవరికీ నష్టం లేదు, వదినగారికి సినిమా గుర్తులేదు, తెలుసుకునేవారు లేరు. కానీ లేనిది నేను ఎప్పుడూ చెప్పలేదు. వేళ్ళు విడిపించుకుని రెండు అడుగులు పక్కకు వేశాను.

దుప్పటి ఆయన చేతుల్లో మిగిలింది. దాన్ని గుండెకు ఆనించుకున్నారు. ఫోను మోగిన రాత్రుల్లో చొక్కా గుండీ పెట్టుకుంటూ మిగతా కథ తనలో తాను కట్టుకునే ముఖం అది. "చెయ్యి పట్టుకుంటేనే నిలవలేకపోయింది," అన్నారు నెమ్మదిగా. "ఆమె చూసింది, అప్పా. కర్రలు ఎవరు తీశారో ఆమె చూసే ఉంటుంది. పెద్దామె చెయ్యి తగిలితేనే పారిపోయిన మనిషి, రేపు బోనెక్కి ఆ పెద్దామె మొగుడి మీద అబద్ధం చెప్పగలదా? రాదు. కోర్టుకు రాదు."

"రాకపోతే దాని మొగుడే జైలుకెల్తాడు కదరా!"

"వెళతాడు."

"నీకెవుడు సెప్పినాడు? నాను సెప్పనేదు, అది మూగనోము పట్టినాది!" వదినగారి చేతిలో చెంబు అలాగే ఉంది. ఆవిడ నా ముఖం చూశారు, తమ్ముడి ముఖం చూశారు, తరవాత ఏమనుకున్నారో చెంబు కింద పెట్టి, రిమోటు వెతికి, టీవీ శబ్దం పెంచి, తను కూర్చునే మోడా పీట నాకూ ఆయనకూ మధ్య కాకుండా గోడ పక్కకు జరుపుకుని కూర్చున్నారు. "రేపట్నుంచి దాని గొంతు వచ్చినా రాకపోనా, ఆ ఊపిరి సంగతి నువ్వు సూసుకో. నాను లుంగీలూ చీరలూ సెప్తాను," అన్నారు. మా వారు, "రేపటికి ఏ సినిమా ఉందో చూడప్పా," అన్నారు.

నేను ఆ మాట విన్నాను. ఆయన దాన్ని గమనించారో లేదో చెప్పలేను. ఆటోలో ఇచ్చిన తీర్పు గుర్తు చేయడం నా పని కాదు.

తెర మీద కోర్టు మొదలైంది. బంట్రోతు చిన్నకోడలి పేరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మా వారు దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, చెవి అటు పెట్టి కూర్చున్నారు. మూడోసారి పిలుపు అయ్యాక కెమెరా బోను మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. ఈ సినిమాలో కెమెరా అంతసేపు దేని మీదా ఆగదు. వదినగారు ముందుకు వంగి, చేతిలోని కాయ ఒలవడం ఆపి, గొంతు బాగా తగ్గించి చెప్పారు.

"ఎవుళూ నేరురా తమ్ముడా. బోను కాలీ. కర్రబోను, ఎండ పడతన్నాది, అంతే."

సరిదిద్దడానికి నాకు ఏమీ దొరకలేదు.